విజిల్ లేని ఆటల పీరియడ్

మా మనవరాలు అమ్ములు ఆరో తరగతి. బడి గుంటూరులోనే, ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మంగళ, గురు, శనివారాల్లో వాళ్ళకి చివరి పీరియడ్ ఆటలు. ఆ రోజుల్లో నేను గంట ముందే వెళ్ళి గ్రౌండు గోడ పక్కన వేపచెట్టు కింద కూర్చుంటాను. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి డిసెంబరు దాకా అరవై పీరియడ్లకి తక్కువ చూసి ఉండను. ఆ పీరియడ్ ఎలా నడుస్తోందో రాద్దామని కూర్చున్నాను. బడి క్రీడల ఫీజని ఏడాదికి 1,800 రూపాయలు విడిగా తీసుకుంటుంది. డబ్బు కట్టేవాళ్ళకి ఏం వస్తుందో తెలియాలి కదా.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి 2018లో రిటైరయ్యాను. బళ్ళ మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీలకి జట్లని తీసుకెళ్ళాను, కప్పులు తెచ్చాను. ఆటల పీరియడ్ బాగుందో లేదో పది నిమిషాలు చూస్తే చెప్పగలననుకునేవాణ్ణి. ఇక్కడ చెప్పలేకపోయాను. మొదటి వారం నాకు అస్సలు నచ్చలేదు. బడి పేరు రాయడం లేదు. లోపాలు కూడా రాస్తున్నాను, వాటిలో కొన్నిటిని వాళ్ళు సరిదిద్దుకునే పనిలో ఉన్నారు.

నచ్చకపోవడానికి మొదటి కారణం, సారు మెడలో విజిల్ లేదు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు ఆయనకి, నాగార్జున యూనివర్సిటీలో బి.పి.ఇడి., అంటే వ్యాయామ విద్య డిగ్రీ చేశాడట. పిల్లలు గ్రౌండులోకి వస్తుంటే గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పలకరిస్తున్నాడు. "తమ్ముడికి జ్వరం తగ్గిందా?" "నిన్న ఎందుకు రాలేదు?" "కొత్త బూట్లా?" అలా నాలుగైదు నిమిషాలు. వరస లేదు, అటెన్షన్ లేదు, స్టాండెటీజ్ లేదు. ఉన్నదే నలభై నిమిషాల పీరియడ్, అందులో ఇంత టైము కబుర్లకి పోతోందని కోపం వచ్చింది. నెల తిరిగేసరికి ఆ సారుకి 42 మంది పేర్లూ, ఎవరింట్లో ఏం జరుగుతోందో కూడా తెలుసు. నా సర్వీసు మొత్తంలో నాకు పేర్లు గుర్తున్నది రెండు రకాల పిల్లలవే: బాగా ఆడేవాళ్ళు, బాగా అల్లరి చేసేవాళ్ళు. మధ్యలో ఉన్న వందల మంది పేర్లు నాకు తెలియవు.

ఒక శనివారం ఆయన్నే అడిగాను, ఈ పద్ధతి ఎక్కడిదని. డాన్ హెలిసన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పేరు చెప్పాడు. ఆటల ద్వారా పిల్లలకి వ్యక్తిగత, సామాజిక బాధ్యత నేర్పడం ఆయన పద్ధతి. ఆయన 1970లలో, బడిలో ఇమడలేక గొడవల్లో ఇరుక్కున్న టీనేజి పిల్లలతో మొదలుపెట్టాడు. తర్వాత చాలా ఏళ్ళు చికాగోలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉంటూ, ఆ నగరంలోని పేదపేటల పిల్లలకి బాస్కెట్‌బాల్ లాంటివి నేర్పుతూ దీన్ని సాన పట్టాడు. ఇప్పుడు స్పెయిన్, న్యూజిలాండ్ లాంటి దేశాల బళ్ళల్లో కూడా వాడుతున్నారు. ఆటలాడితే క్రమశిక్షణ దానంతట అదే వస్తుందని మనం అంటుంటాం, నేనూ వందసార్లు అన్నాను. హెలిసన్ అలా నమ్మలేదు. పాస్ ఇవ్వడం ఎలా నేర్పుతామో బాధ్యత కూడా అలాగే పనిగట్టుకుని, రోజూ కాస్త కాస్త నేర్పాలన్నాడు. లేకపోతే ఆట వల్ల దురుసుతనం కూడా రావచ్చు. అది నిజమని నాకు తెలుసు. జోనల్ పోటీల్లో ఓడిపోయిన జట్లు బస్సు దగ్గర కొట్టుకోవడం నేను చూశాను.

గ్రౌండు గోడ మీద ఐదు మెట్లు రంగులతో వేసి ఉన్నాయి. మొదటి మెట్టు ఎదుటివాళ్ళని గౌరవించడం: నోరూ చెయ్యీ అదుపులో పెట్టుకోవాలి, ఆడే హక్కు అందరికీ ఉందని ఒప్పుకోవాలి. రెండోది, రాకపోయినా ప్రయత్నించడం. మూడోది, ఎవరూ చూడకపోయినా తన పని తను చేసుకోవడం. నాలుగోది, పక్కవాళ్ళకి సాయం చేస్తూ ముందుండి నడిపించడం. ఐదోది ఇవన్నీ గ్రౌండు బయట, అంటే ఇంట్లో, వీధిలో, క్లాసులో చెయ్యడం. మెట్లని వేశారు గానీ ఒకటి పూర్తయ్యాకే రెండోదని ఏమీ లేదు. ఒకే పిల్లాడు పొద్దున నాలుగో మెట్టు మీద ఉండి సాయంత్రానికి మొదటి మెట్టు కిందకి జారిపోవచ్చు. పిల్లలకి ఇది మనకంటే బాగా అర్థమైంది. "సార్, ఇవాళ నేను రెండులో ఉన్నాను" అని మామూలుగా చెప్పేస్తారు.

పలకరింపులయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుంటారు. సారు రెండు మూడు నిమిషాలు ఆ రోజు ఏ మెట్టు మీద దృష్టో చెప్తాడు, అంతే, ఉపన్యాసం ఉండదు. తర్వాత ఇరవై ఐదు నిమిషాలు ఆట. ఆఖర్లో ఐదు నిమిషాలు మళ్ళీ కూర్చుని, ఆట ఎలా సాగిందో పిల్లలే మాట్లాడతారు. వెళ్ళేముందు ఎవరి సంగతి వాళ్ళు బొటనవేలితో చూపిస్తారు: పైకి, అడ్డంగా, కిందకి. రోజూ ఇదే వరస. నాకు మొదట్లో బడాయిగా అనిపించిన ఈ తంతు రోజూ ఒకేలా ఉండడం వల్లే పిల్లలకి ఒంటబట్టింది.

జులైలో ఒక గురువారం జరిగింది చెప్తాను. కబడ్డీ ఆడుతున్నారు. రిఫరీ లేడు, తాకితే తాకారని ఒప్పుకోవాల్సింది ఆడేవాళ్ళే. ఒక పొడుగు కుర్రాడు కూతకి వెళ్ళి వెనక్కి వచ్చి "తాకాను" అన్నాడు. అవతలివాడు "తాకలేదు" అన్నాడు. చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. సారు పరుగెత్తుకు రాలేదు. నడుచుకుంటూ వచ్చి, ఇద్దరినీ నా పక్కనున్న సిమెంటు అరుగు చూపించి, "తేల్చుకుని రండి, ఇద్దరూ ఒక మాట మీదకి వస్తేనే" అన్నాడు. ఆ అరుగు పనే అది. మిగతావాళ్ళ ఆట ఆగలేదు.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి అంతా విన్నాను. రెండు నిమిషాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తర్వాత పొడుగువాడు "నీ మోచేతి మీద నా గోరు గీరుకుంది" అన్నాడు. రెండోవాడు మోచెయ్యి తిప్పి చూసుకున్నాడు. లేచి సారు దగ్గరికెళ్ళి, "తాకాడు సార్, నాకు తెలిసింది కూడా. ఓడిపోతున్నామని చెప్పలేదు" అన్నాడు. సారు "సరే, వెళ్ళి ఆడు" అన్నాడు, ఇంకో మాట లేదు. నేనైతే విజిల్ వేసి రెండు సెకన్లలో తీర్పు చెప్పేవాణ్ణి, ఆట సాగిపోయేది. ఆ అబద్ధం మాత్రం ఆ పిల్లాడి దగ్గరే ఉండిపోయేది. ఆ రోజు నుంచి నేను ఈ పీరియడ్‌ని తప్పులు వెతికే కంటితో చూడడం మానేశాను.

జట్లు కట్టడం ఇంకో సంగతి. మా రోజుల్లో ఇద్దరు కెప్టెన్లని నిలబెడితే వాళ్ళు ఒక్కొక్కరినీ ఎంచుకునేవాళ్ళు. ఆఖరికి ఒకళ్ళిద్దరు మిగిలిపోయేవాళ్ళు, రోజూ వాళ్ళే. వాళ్ళని ఏదో ఒక జట్టులోకి తోసేసి ఆటలో అరటిపండు చేసేవాళ్ళం. మా అమ్ములు కాస్త లావుగా ఉంటుంది, పరుగు తక్కువ. పాత బడిలో అలా ఎప్పుడూ ఆఖరున మిగిలిపోయేది. ఆటల రోజున కడుపునొప్పి అనేది, మేం డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. ఇక్కడ చీటీలు తీస్తారు, లేదా పిల్లలే పంటలు వేసుకుంటారు. చిన్న మార్పే. ఆగస్టు కల్లా కడుపునొప్పి మాట లేదు. నేను ఆఖరున మిగిల్చిన పిల్లలు ఎంతమందో, వాళ్ళకి ఎన్ని కడుపునొప్పులు వచ్చాయో అని ఆ నెలంతా ఆలోచించాను.

తప్పు చేస్తే ఇక్కడ గ్రౌండు చుట్టూ పరుగెత్తించరు. నేను పరుగెత్తించాను. గుంజీళ్ళు తీయించాను, గోడకుర్చీ వేయించాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని ఒంటి మీద కొట్టి శిక్షించడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదంది. మేం కర్ర పక్కన పెట్టాం గానీ "మూడు రౌండ్లు వెయ్యి" అనడం మానలేదు. పరుగుని శిక్ష చేశాక, ఆ పిల్లాడు పెద్దయ్యాక పొద్దున్నే లేచి ఇష్టంగా పరుగెత్తుతాడా? ఈ సారు పద్ధతి వేరు. ఆట పాడుచేసేవాడు కాసేపు బయట కూర్చోవాలి, ఎప్పుడు తిరిగి రావాలో వాడే నిర్ణయించుకోవాలి. రోజూ అదే జరిగితే సారూ వాడూ కూర్చుని ఒక ఒప్పందం రాసుకుంటారు. క్లాసు మొత్తం గోలగా ఉన్న రోజు ఆట టైము కుదించుకుపోతుంది, మాటల టైము పెరుగుతుంది. బాగున్న రోజు ఆటే ఎక్కువ. హార్మోనియం తిత్తిలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటుందన్నమాట. ఇలా అని మొదటి రోజే పిల్లలకి చెప్పేశారు కాబట్టి ఎవరూ అన్యాయమనుకోరు.

మూడో మెట్టుకి వచ్చేసరికి గ్రౌండులో మూడు చోట్ల మూడు పనులు జరుగుతుంటాయి: కబడ్డీ, ఖోఖో, టెన్నికాయిట్ అనే రింగు ఆట. ఎవరు దేంట్లో మెరుగవ్వాలనుకుంటున్నారో కార్డు మీద రాసుకుని అక్కడికి వెళ్తారు. అమ్ములు రింగు ఎంచుకుంది. రింగుని ఒంటిచేత్తో పట్టి, ఆగకుండా తిరిగి విసరాలి. నెలన్నర పట్టింది దానికి. సెప్టెంబరులో ఒక సాయంత్రం చూస్తే, కొత్తగా చేరిన ఒక పిల్ల మణికట్టు పట్టుకుని, "వేళ్ళు ముందే మూయకు, రింగు తగిలాక మూయి" అని నేర్పుతోంది. సారు అటువైపు లేడు కూడా. ఆటల పీరియడ్‌లో మా అమ్ములు ఇంకొకరికి నేర్పడం! మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను, గొంతు పూడుకుపోయింది.

ఇక లోపాలు.

అన్నిటికంటే పెద్దది సంఖ్య. 42 మందికి ఒక్క సారు. హెలిసన్ ఇలాంటి పనిని చిన్న గుంపులతో చేసేవాడు, ఒక్కొక్కరితో మాట్లాడేందుకు వీలుండేది. ఇక్కడ ఆఖరి ఐదు నిమిషాల ముచ్చట్లో ఎప్పుడూ మాట్లాడేది అదే ఆరుగురు. వెనక కూర్చున్నవాళ్ళు బ్యాగులు సర్దుకుంటుంటారు. బడి ఇంకొక వ్యాయామ టీచరుని, వీలైతే ఆడమనిషిని పెట్టాలి. ఎందుకంటే ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు ఒంట్లో బాలేదని పక్కన కూర్చుంటారు. సారు గుచ్చిగుచ్చి అడగడు, కూర్చోనిస్తాడు, అది మర్యాదే. కానీ గ్రౌండు వైపున్న బాత్రూమ్‌కి మధ్యాహ్నం నుంచి తాళం వేస్తారని, వాళ్ళు కూర్చోవడానికి అదీ ఒక కారణమని తల్లులు కలిసి వెళ్ళి చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తాళం తీసి ఉంచుతున్నారు.

రెండోది మార్కులు, ఇది నన్ను బాగా బాధపెట్టింది. సెప్టెంబరు ప్రోగ్రెస్ కార్డులో "బాధ్యత: 10కి" అని ఒక గడి వచ్చింది. పిల్లలు తమ గురించి తాము చూపించుకునే బొటనవేలి లెక్కే ఆ మార్కుకి ఆధారం. రెండు వారాల్లో 42 బొటనవేళ్ళూ పైకి లేచాయి. అమ్ములు ఇంట్లో, "తాతయ్యా, నిజం చూపిస్తే మార్కులు పోతాయి, అమ్మ తిడుతుంది" అంది. మూడు నెలల పని రెండు వారాల్లో చెడిపోయింది. నేను వెళ్ళి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. తల్లిదండ్రులు కార్డు మీద ఏదో ఒక అంకె కావాలంటున్నారని ఆవిడ అన్నారు. అది అబద్ధం కాదు, మా కోడలు కూడా అడిగింది. చివరికి నవంబరు నుంచి అంకె తీసేసి, సారు రెండు వాక్యాలు రాస్తున్నాడు. బొటనవేళ్ళు మళ్ళీ అడ్డంగా, కిందకి కనపడడానికి ఇంకో నెల పట్టింది. సి.బి.ఎస్.ఇ. వాళ్ళు 2018-19 నుంచి 9 నుంచి 12 తరగతులకి ఆరోగ్య, వ్యాయామ విద్యని తప్పనిసరి చేసినప్పుడు అందులో సేవా అని ఒక భాగం పెట్టారు, పిల్లలు చుట్టూ ఉన్నవాళ్ళకి పనికొచ్చే పని చెయ్యాలని. ఉద్దేశం చాలా మంచిది. దాన్ని కూడా ఫొటోలకీ మార్కులకీ వదిలేయకూడదని ఈ సంగతి చూశాక గట్టిగా అనిపించింది.

ఐదో మెట్టు బలహీనంగా ఉంది. "ఇంట్లో ఏం చేశారు?" అని అడిగితే "అమ్మకి సాయం చేశాను సార్" అని అందరూ ఒకటే పాట. ఒక్కసారి మాత్రం నిజమైనది చూశాను. మా వీధి పిల్లలు ఎనిమిది మంది ఒక ఆటోలో వెళ్తారు. డ్రైవర్ పక్క సీటు కోసం రోజూ గొడవ. అక్టోబరులో వాళ్ళే చీటీ రాసి ఆటో లోపల అతికించారు, ఏ రోజు ఎవరని. డ్రైవర్ నాకు చూపించి, "మీ బడివాళ్ళు నేర్పారా?" అన్నాడు. ఎవరూ నేర్పలేదు, జట్ల చీటీలు చూసి వాళ్ళకే తట్టింది. ఇలాంటివి సారు చెవిన పడితే క్లాసులో మాట్లాడుకోవచ్చు. ఇంటికీ గ్రౌండుకీ మధ్య ఆ కబురు మోసే దారే ఇంకా లేదు.

డిసెంబరులో స్పోర్ట్స్ డే పేరుతో రెండు వారాలు అంతా ఆగిపోయింది. మాస్ డ్రిల్లు, మార్చ్‌పాస్ట్, ఎండలో గంటలు గంటలు. చేతులు కలవని పిల్లల్ని వెనక వరసలోకి నెట్టారు, అమ్ములు కూడా వెనకే. విజిల్ తిరిగొచ్చింది, మైకు కూడా. మాస్ డ్రిల్లు నేనూ ఎన్నో ఏళ్ళు చేయించాను, వరసలు కలిసినప్పుడు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఆర్నెల్లు "నీకు నువ్వే చూసుకో" అని చెప్పిన పిల్లలకి రెండు వారాలు "నోరు మూసుకుని నేను చెప్పింది చెయ్యి" అంటే వాళ్ళు ఏది నమ్మాలి? ఆ సారు మొహం కూడా ఆ రెండు వారాలూ వాడిపోయి ఉంది. వచ్చే ఏడాది స్పోర్ట్స్ డేని పిల్లలే ప్లాన్ చేసేలా అడిగి చూస్తానన్నాడు. అడగాలి, తల్లిదండ్రులం మనం కూడా అడగాలి.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఒకటీ సారు వల్ల కాదు, మనుషుల కొరత వల్ల, డిసెంబరు వల్ల. కప్పులు కావాలనుకునే తల్లిదండ్రులకి ఇక్కడ నిరాశే: ఈ ఏడాది జోనల్‌లో కబడ్డీ మొదటి రౌండే పోయింది. ఆటల పీరియడ్ అంటే కడుపునొప్పి వచ్చే పిల్లలున్నవాళ్ళు మాత్రం ఒకసారి వాళ్ళ బడికి వెళ్ళి చూడండి. చూడాల్సింది బాగా ఆడే పిల్లల్ని కాదు. ఆఖరున మిగిలేవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో, గొడవ వస్తే ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. వీలైతే పీరియడ్ మొదటి ఐదు నిమిషాలూ ఆఖరి ఐదు నిమిషాలూ చూడండి, మధ్యలోది అన్ని బళ్ళలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత గురువారాలు వచ్చి ఖోఖో నేర్పమని సారు నన్ను అడిగాడు. "మాస్టారూ, విజిల్ మాత్రం వద్దండీ" అన్నాడు. ఒప్పుకున్నాను. ఈ పిల్లలకి కూర్చునే పద్ధతి రాదు. మోకాలు నేలకి ఆనించి కూర్చుంటున్నారు, ఖో వినపడ్డాక లేచేసరికి ఒక అడుగు ఆలస్యం. ముందు అది సరిచేయాలి. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు నాతో పాటు నేర్పుతారట. నేర్పే నలుగురివీ, నేర్చుకునే 42 మందివీ పేర్లు ఒక కాగితం మీద రాసిమ్మని సారుని అడిగాను. సెలవుల్లో చదువుకుంటాను.